విదేశంలో టీమ్‌తో భోజనం: ఇజకాయా, గ్రిల్, హాకర్ సెంటర్, క్యాంటీన్... మనకు ఏది కుదురుతుంది?

శ్రీసిటీ, రేణిగుంట ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకు విదేశీ ప్రయాణం ఇప్పుడు పెద్ద వింతేమీ కాదు. ఇసుజు అంటే యొకొహామా, డైకిన్ అంటే ఒసాకా, కోబెల్కో అంటే హిరోషిమా అని మా వైపు డిప్లొమా చదివే పిల్లలు కూడా చెప్పేస్తారు. ఎలక్ట్రానిక్స్ వైపు ఉన్నవాళ్ళకు తైవాన్ పిలుపు వస్తుంది. చెన్నై, బెంగళూరు ఐటీ ఆఫీసుల్లో ఉన్న చిత్తూరు పిల్లలు సింగపూర్, జర్మనీ తిరుగుతుంటారు. వీసా, టికెట్, హోటల్ అన్నీ కంపెనీ చూసుకుంటుంది. తిండి సంగతి మాత్రం ఎవరూ అడగరు. ఇంట్లో అమ్మ సూట్‌కేసులో సగం పొడులతో, పచ్చళ్ళతో నింపి పంపిస్తుంది. దిగిన రోజో మర్నాడో సాయంత్రం అక్కడి సూపర్‌వైజర్ వచ్చి, "అందరం కలిసి డిన్నర్‌కు పోదాం, ఎలాంటి చోటైతే బాగుంటుందో నువ్వే చెప్పు" అంటాడు. టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

మనవాళ్ళలో కొందరు తలనొప్పి అని చెప్పి రూముకు పోయి పులిహోర కలుపుకుంటారు. ఇంకొందరు మొహమాటానికి వెళ్ళి, రెండు గంటలు చిప్స్ నమిలి, ఆకలితో తిరిగొస్తారు. రెండూ నష్టమే. పగలంతా షాప్‌ఫ్లోర్‌లో అవుననీ కాదనీ తప్ప మాట్లాడని మనిషి, రాత్రి టేబుల్ దగ్గర కూర్చున్నాక ఆ మెషీన్ అసలు ఎందుకు ఆగిపోతుందో విడమరిచి చెబుతాడు. ఆ రెండు గంటలు పోగొట్టుకుంటే మళ్ళీ దొరకవు.

నా లెక్కలో ఏ దేశం వంట అనేది రెండో సంగతి. భోజనం టేబుల్ మీదికి ఏ పద్ధతిలో వస్తుందనేది మొదటిది. నా ప్లేట్‌లో ఏం పడాలో ఎవరు తేలుస్తున్నారు? అది మన చేతిలో ఎంత ఉంటే మనకు అంత సుఖం. ఈ కొలతతోనే ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు మనం ఏం తినమో తేల్చుకోవాలి

మా చిత్తూరు వైపు "నాన్‌వెజ్ తింటాను" అంటే నాటుకోడి, పొట్టేలు, చేప, గుడ్డు అని. గొడ్డుమాంసం లెక్కలోకి రాదు, చాలామందికి పందిమాంసం కూడా. శనివారం వెంకన్న వారం కాబట్టి ఏదీ ముట్టరు. కొందరికి సోమవారం కూడా ఉంటుంది, ఇంకొందరికి గురువారం. ఇదంతా అవతలివాడికి ఎలా తెలుస్తుంది? వెజిటేరియన్ అని ఒక్క మాటతో సరిపెడితే చేప తెచ్చి పెడతారు, ఎందుకంటే చాలా చోట్ల చేపను మాంసంలో లెక్కెయ్యరు. నాన్‌వెజ్ ఓకే అంటే బీఫ్ ప్లేట్ తెచ్చి మన ముందే ప్రేమగా పెడతారు.

అందుకని పేరు పెట్టి చెప్పడం మేలు. "చికెన్, చేప, గుడ్డు తింటాను. బీఫ్, పోర్క్ తినను. శనివారం మాంసం ఏదీ తినను. మందు తాగను, మీరు తాగితే నాకు ఇబ్బంది లేదు." ఈ నాలుగు ముక్కలు హోటల్ బుక్ చేసే మనిషికి ముందురోజే మెసేజ్ పెట్టండి. టేబుల్ దగ్గర కూర్చున్నాక చెబితే పిలిచినవాళ్ళు ఇరుకున పడతారు, వంటవాడు కూడా ఏం చెయ్యలేడు. కారణాలు వివరించక్కర్లేదు, ఎవరూ అడగరు కూడా. ఒక మాట: జపాన్‌లో టీమ్ డిన్నర్లు ఎక్కువగా శుక్రవారం రాత్రి పడతాయి. పన్నెండు దాటితే శనివారం వచ్చేసినట్టే అని పదకొండున్నర నుంచే వాచీ చూసుకునే అన్నలు మా దగ్గర ఉన్నారు.

ఇజకాయా: చికెన్ తినేవాళ్ళకు నా మొదటి ఓటు

జపాన్‌లో ఆఫీసు వాళ్ళు కలిసి తినడానికి, తాగడానికి కూర్చునే చోటు ఇజకాయా. చిన్న చిన్న ప్లేట్లు ఒకదాని తర్వాత ఒకటి మధ్యలోకి వస్తుంటాయి, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుంటారు. మనకు కావలసింది సరిగ్గా ఈ పద్ధతే. బీఫ్ ప్లేట్ వస్తే పక్కకు జరిపితే చాలు, ఎవరూ గమనించరు.

కూర్చోగానే అడగకుండానే ఒక చిన్న గిన్నెలో ఏదో ఒకటి పెడతారు. దాన్ని ఒతోషి అంటారు. అది ఉచితం కాదు, కుర్చీ అద్దె అనుకోండి. సాధారణంగా మనిషికి 300 నుంచి 500 యెన్‌ల దాకా బిల్లులో కలుస్తుంది. మేం ఆర్డర్ ఇవ్వలేదే అని గొడవ పడకండి, అక్కడ అదే ఆనవాయితీ.

యాకితోరి దొరికే ఇజకాయా అయితే మన పంట పండినట్టే. చికెన్ ముక్కలు వెదురు పుల్లకు గుచ్చి బొగ్గుల మీద కాలుస్తారు. తొడ ముక్కను మొమొ అంటారు, ముక్కల మధ్య ఉల్లికాడలు గుచ్చింది నెగిమా, చర్మం ఒక్కటే కాల్చి కరకరలాడించింది కావా. ఇంట్లో నాటుకోడి కోసినప్పుడు కార్జం, కందనకాయ కోసం పోట్లాడుకునే జాతి మనది. అక్కడ ఆ రెండూ వేరువేరు పుల్లల మీద వస్తాయి. కార్జం రెబా, కందనకాయ సునగిమో. ఈ రెండు పేర్లు చెప్పి అడిగి చూడండి, పక్కన కూర్చున్న పెద్దాయన మొహం ఎలా విప్పారుతుందో. పరాయి దేశం వాళ్ళు భయపడే ఐటమ్ మీరు పేరు పెట్టి అడిగారు కదా! వెయిటర్ ఉప్పా, సాసా అని అడుగుతాడు. షియో అంటే ఉప్పు, తారె అంటే తీపి తగిలే సోయా సాస్. మన నాలుకకు షియో మేలు. టేబుల్ మీద షిచిమి అని ఎర్రటి పొడి డబ్బా ఉంటుంది, అందులో మిరపకాయతో పాటు నువ్వులు, నారింజ తొక్క లాంటివి కలుస్తాయి. మన కారం ముందు అది చాలా సౌమ్యం, ధైర్యంగా చల్లుకోండి.

అసలు కష్టం శుద్ధ శాకాహారులకే. జపాన్ వంటకు ఆధారం దాషి అనే రసం. ఎక్కువగా ఎండబెట్టి పొగబెట్టిన బొనీటో చేప తురుముతో, కొంబు అనే సముద్రపు నాచుతో కాస్తారు. మిసో సూప్‌లో అది ఉంటుంది, ఉడికించిన కూరగాయల్లో ఉంటుంది, చుట్టిన ఆమ్లెట్‌లో ఉంటుంది, వేయించిన టోఫూ మీద పోసే రసంలోనూ ఉంటుంది. కంటికి కనపడదు. ఇక నిఖార్సుగా మిగిలేవి ఉప్పేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు అంటే ఎడమామె, దోసకాయ, క్యాబేజీ, పైన చేప తురుము వద్దని చెప్పి తెప్పించుకున్న చల్లటి టోఫూ, బంగాళాదుంప వేపుడు. వీటితో కడుపు నిండదు. శాకాహారులు రూములో కాస్త అన్నం తిని, కబుర్ల కోసం ఇజకాయాకు వెళ్ళడమే తెలివైన పని.

తాగని వాళ్ళకు ఊలాంగ్ టీ ఉంది. చూడ్డానికి విస్కీ రంగులో ఉంటుంది, ఎవరూ రెండోసారి అడగరు. అందరి గ్లాసులూ వచ్చేదాకా మన గ్లాసు ఎత్తకూడదు, "కంపాయ్" అన్నాకే మొదటి గుక్క. మన గ్లాసు మనం నింపుకోం, పక్కవాళ్ళది నింపితే వాళ్ళు మనది నింపుతారు. చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరి చాప్‌స్టిక్స్‌కు ముక్క అందించకూడదు. రెండూ అక్కడ చావు కర్మలకు సంబంధించినవి. టిప్పు ఇవ్వరు. ఒక పూటకు మనిషికి 3,000 నుంచి 5,000 యెన్‌ల దాకా అవుతుంది. లెక్క సమానంగా పంచితే తాగని మనం కూడా తాగినవాళ్ళతో సమానంగా కట్టాల్సి రావచ్చు. ఆ తేడా కోసం నోరు జారకండి, ఆ రాత్రికి అదీ ఒక ఖర్చే అనుకోవాలి.

సుషి బెల్టా, రామెనా, పెనమా?

ప్లేట్లు బెల్టు మీద తిరిగే సుషి హోటల్లో మీ సీటు ముందున్న ట్యాబ్లెట్‌లో బొమ్మ చూసి నొక్కితే మీ ప్లేట్ మీ ముందుకొచ్చి ఆగుతుంది. ఎవరి ఆర్డర్ వాళ్ళదే. పచ్చి చేప అంటే వెనకాడేవాళ్ళకు ఉడికించిన రొయ్య ఉంటుంది, శాకాహారులకు దోసకాయ చుట్టిన కప్పామాకి, మొక్కజొన్న సుషి ఉంటాయి. పొట్ట నింపుకోడానికి మంచిదే. కానీ తినడం అరగంటలో అయిపోతుంది, బయట జనం వెయిట్ చేస్తుంటారు. కబుర్లకు పనికిరాదు.

రామెన్ అనే నూడుల్స్ సూప్ హోటల్‌కు టీమ్‌తో వద్దు. ఆ సూప్ పంది ఎముకలతోనో, కోడితోనో, చేపతోనో గంటల తరబడి కాచినది, అందులోంచి ఏదీ తీసెయ్యడం కుదరదు. జనం కూడా మాట్లాడకుండా తిని లేచిపోతారు. యాకినికు అంటే బీఫ్ కాల్చుకునే చోటు. బీఫ్ తినని వాళ్ళు మొహమాట పడకుండా "యాకినికు బదులు యాకితోరికి పోదామా" అనాలి. ఎవరూ ఏమీ అనుకోరు.

నేను ప్రత్యేకంగా చెప్పదలచుకున్నది ఒకొనొమియాకి. వేడి పెనం చుట్టూ బెంచీలేసి కూర్చోబెడతారు. ఒసాకాలో పిండి, సన్నగా తరిగిన క్యాబేజీ, మిగతావన్నీ కలిపేసి మందంగా పోస్తారు. హిరోషిమాలో ముందు పల్చగా పిండి పోసి, దాని మీద గుప్పెళ్ళకొద్దీ క్యాబేజీ పేర్చి, నూడుల్స్, గుడ్డు వరుసగా ఎక్కిస్తారు. రెండు ఊళ్ళ వాళ్ళకూ మాదే అసలైనదని పంతం. ఆ చర్చ లేవదీస్తే రాత్రికి మాటల కరువుండదు. మామూలుగా పైన పంది మాంసం చీలికలు పరుస్తారు. అది వద్దని రొయ్యలో, స్క్విడ్డో, చీజో వెయ్యమనండి. ఆఖర్న నల్లటి సాస్ పూసి, పైన కాగితం కంటే పల్చటి తురుము చల్లుతారు. పెనం సెగకు ఆ తురుము ప్రాణమున్నట్టు అటూ ఇటూ వంగుతూ లేస్తూ ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు పురుగులేమోనని కుర్చీ వెనక్కి జరుపుతారు. అది బొనీటో చేప తురుమే. పిండిలో కూడా దాషి కలపడం మామూలే కాబట్టి శాకాహారులకు ఇది కుదరదు. చేప తినేవాళ్ళు మాత్రం వదులుకోకూడదు. పెనం దగ్గర అందరి చేతులూ కదులుతుంటాయి, భాష రాకపోయినా పూట గడిచిపోతుంది.

ఒసాకాలో నాలుగు వారాలుండే శాకాహారికి ఒక దారి ఉంది. నంబా స్టేషన్లో నంకాయ్ రైలెక్కి, చివర్లో కేబుల్ కారు మారితే సుమారు రెండు గంటల్లో కోయసాన్ కొండ మీదికి చేరతారు. అక్కడి బౌద్ధ మఠాల్లో బస దొరుకుతుంది, వాళ్ళు పెట్టేది షోజిన్ ర్యోరి అనే సాత్విక భోజనం. మాంసం, చేప ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. రసం కొంబుతో, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు. తిరుమల కొండ మీద మాంసం, మద్యం ఉండవని తెలిసిన మనకు ఆ కొండ పద్ధతి వివరించక్కర్లేదు. ముందుగా బుక్ చేసుకోవాలి, ధర కాస్త ఎక్కువే. ఒకరిద్దరు సహోద్యోగులను పిలిస్తే సరదాగా వస్తారు, జపాన్ వాళ్ళలోనూ అది ఒక్కసారి కూడా రుచి చూడని వాళ్ళు బోలెడుమంది.

కొరియా గ్రిల్: కారం సరే, పద్ధతి చూసుకోవాలి

కియా ప్లాంట్ పెనుకొండకు వచ్చాక రాయలసీమకు కొరియా దగ్గరైంది. అక్కడ ఆఫీసు డిన్నర్‌ను హ్వేసిక్ అంటారు. టేబుల్ మధ్యలో గ్రిల్, దాని మీద సంగ్యోప్‌సల్ అనే పంది పొట్ట మాంసం, పక్కన సోజు అనే వాళ్ళ మందు సీసాలు. పోర్క్ తినే వాళ్ళకు ఇంతకంటే మంచి సాయంత్రం లేదు. తినని వాళ్ళకు ఇబ్బందే, ఎందుకంటే గ్రిల్ ఒక్కటే, దాని మీద పడేది అందరికీ ఒక్కటే.

దీనికి విరుగుడు దక్‌గల్బి. చికెన్, క్యాబేజీ, చిలగడదుంప, బియ్యప్పిండి ముక్కలు ఎర్రటి కారం ముద్దలో కలిపి పెద్ద పెనం మీద మన ముందే వేపుతారు. హ్వేసిక్‌కు దక్‌గల్బి హోటల్ అడగడం తప్పేమీ కాదు. ఎర్రగా ఉందని భయపడకండి, వాళ్ళ కారంలో తీపి కలిసుంటుంది, గుంటూరు మిరప ఘాటు ఉండదు.

చుట్టూ పెట్టే చిన్న గిన్నెల కూరలను బాంచన్ అంటారు, అడిగితే మళ్ళీ పెడతారు, డబ్బులు తీసుకోరు. మొలకలు, పాలకూర, ముల్లంగి అన్నీ ఉంటాయి. కిమ్చిలో మాత్రం చాలావరకు ఉప్పు రొయ్యలో, చేప సాసో కలుస్తాయని శాకాహారులు గుర్తుంచుకోవాలి. వాళ్ళు మాంసం వద్దని చెప్పి బిబింబాప్, అంటే కూరగాయలు కలుపుకునే అన్నం, తెప్పించుకోవచ్చు. పెద్దాయన స్పూన్ ఎత్తాకే మనం ఎత్తాలి, గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాలి, పెద్దవాళ్ళ ముందు తాగేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోవాలి. పెద్దల ముందు కాలు మీద కాలేసుకోకుండా పెరిగిన మనకు ఇవి కష్టం కాదు. ఒక చోట తిన్నాక రెండో చోటికి, అక్కడినుంచి మూడో చోటికి లాక్కుపోతారు. మొదటిదానికి పూర్తిగా ఉండి, రెండోదానికి ముందే సెలవు తీసుకుంటే మర్యాదకు లోటు రాదు.

సింగపూర్ హాకర్ సెంటర్, తైవాన్ తూకం భోజనం

ఒకే టీమ్‌లో అయ్యంగార్ల అబ్బాయి, మలయ్ ముస్లిం, చైనా అమ్మాయి, మన పుత్తూరు అన్న ఉంటే హాకర్ సెంటర్‌ను మించింది లేదు. ఒకే కప్పు కింద వరుసగా చిన్న చిన్న అంగళ్ళు, ఎవరికి కావలసింది వాళ్ళు కొనుక్కొచ్చి ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటారు. లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్ ఉంది. ఆఫీసులుండే వైపు లావ్ పా సాత్ ఉంది, సాయంత్రమైతే పక్క వీధిలో సాతే, అంటే పుల్లలకు గుచ్చిన మాంసం, కాలుస్తారు. ఈ హాకర్ సంస్కృతిని 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. టేబుల్ మీద టిష్యూ పాకెట్ కనిపిస్తే ఆ సీటు ఎవరో పట్టుకున్నట్టే, మన బస్సు సీటు మీద తువ్వాలు వేసినంత హక్కు దానికి. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్ళి పెట్టాలి, పెట్టకపోతే అక్కడ జరిమానా కూడా ఉంది. లోటు ఒక్కటే: వేడి, గోల. బాస్‌తో గంభీరమైన మాటలకు పనికిరాదు.

తైవాన్ సంగతి మనవాళ్ళకు ముందుగా ఎవరూ చెప్పరు. శుద్ధ శాకాహారికి తూర్పు ఆసియాలో అంత సుఖమైన చోటు ఇంకోటి లేదని నా అభిప్రాయం. అక్కడ బౌద్ధ సంప్రదాయంలో మాంసం మానేసినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ కోసం ప్రత్యేకంగా హోటళ్ళున్నాయి. బోర్డు మీద స్వస్తిక గుర్తు చూసి గుర్తుపట్టొచ్చు. ఆ సంప్రదాయ హోటళ్ళలో ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. పళ్ళెం పట్టుకుని వరుసగా పెట్టిన కూరల్లోంచి కావలసినవి వడ్డించుకుంటే చాలా చోట్ల తూకం వేసి డబ్బు తీసుకుంటారు. మధ్యాహ్నం సహోద్యోగులు కూడా అక్కడికి సంతోషంగా వస్తారు. ఇంకో విశేషం, వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన పాతతరం తైవాన్ వాళ్ళలో ఎద్దు మీద కృతజ్ఞతతో బీఫ్ ముట్టని వాళ్ళు ఉన్నారు. మీరు బీఫ్ తినరని చెబితే టేబుల్ అవతలి నుంచి "మా అమ్మమ్మ కూడా తినదు" అనే మాట రావచ్చు.

థాయ్‌లాండ్ వెళ్ళేవాళ్ళకు క్లుప్తంగా: దాదాపు అన్నిట్లోనూ చేప సాస్ ఉంటుంది, బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు ఉంటాయి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం కనిపిస్తే అది శాకాహార అంగడి.

జర్మనీ: రాత్రి కంటే మధ్యాహ్నమే మేలు

జర్మనీలో ఆఫీసు స్నేహం క్యాంటీన్‌లో పుడుతుంది. పన్నెండు కాగానే కారిడార్‌లో ఎదురైన ప్రతి ఒక్కరూ "మాల్‌త్సైట్" అంటారు, భోజనాల వేళ పలకరింపు అది. మెనూలో శాకాహారం ఏదో, పంది మాంసం ఎందులో ఉందో గుర్తులుంటాయి, ఎవరి ట్రే వాళ్ళది. డిన్నర్‌కు పిలవలేదని బాధపడకండి, అక్కడ సాయంత్రం ఇంటివాళ్ళది. మధ్యాహ్నం క్యాంటీన్‌కు వెళ్ళకుండా డెస్క్ దగ్గర డబ్బా తెరిస్తే మాత్రం మీరే దూరమైపోతారు.

రాత్రి బయటికి వెళ్తే శాకాహారులకు చీజ్ కలిపిన నూడుల్స్ లాంటి కేజె ష్పెట్సిలె కడుపు నింపుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ 24 దాకా తెల్ల ఆస్పరాగస్ అనే కూరగాయ సీజన్, దాని గురించి వాళ్ళు మనం మామిడి గురించి మాట్లాడినట్టే మాట్లాడతారు. మంచినీళ్ళు కూడా సీసా కొనుక్కోవాల్సిందే. బిల్లు అప్పుడు వెయిటర్ కలిపా, విడివిడిగానా అని అడుగుతాడు. విడివిడిగా అనడం అక్కడ పిసినారితనం కాదు.

మ్యూనిక్ వైపు పడితే మాత్రం బీర్ గార్డెన్‌కు తప్పకుండా వెళ్ళండి, మందు ముట్టని వాళ్ళు కూడా. సంప్రదాయ బీర్ గార్డెన్‌లో గుడ్డ పరవని టేబుళ్ళ దగ్గర ఎవరి తిండి వాళ్ళు తెచ్చుకోవచ్చు, తాగేది మాత్రం అక్కడే కొనాలి. అంటే చెస్ట్‌నట్ చెట్ల కింద, జర్మన్ సహోద్యోగుల పక్కన కూర్చుని, యాపిల్ జ్యూస్ పక్కన పెట్టుకుని మీ నిమ్మకాయ పులిహోర డబ్బా తెరవొచ్చు. వాళ్ళు ముల్లంగి చక్రాలు, బ్రెడ్డు తీస్తారు, మీరు పులిహోర పంచుతారు. ఇంత చక్కటి ఏర్పాటు మనకోసమే చేసినట్టుంటుంది.

ఇండియన్ రెస్టారెంట్ ఎప్పుడు?

మొదటి రోజు వద్దు. వాళ్ళు ఒకసారి పిలిచాక, మన వంతుగా వాళ్ళను తీసుకెళ్ళడానికి దాన్ని దాచుకోండి. అప్పుడు ఆర్డర్ ఇచ్చేది మనం, వివరించేది మనం, పద్ధతులు తెలియక తడబడేది వాళ్ళు. బయట దొరికేది ఎక్కువగా బటర్ చికెన్, నాన్. జపాన్‌లో అయితే నడిపేది చాలాచోట్ల నేపాలీలు. ఇది మా ఊరి తిండి కాదని, మా దగ్గర రాగి సంగటి చేత్తో ముద్ద చేసి నాటుకోడి పులుసులో ముంచి మింగుతామని, నమలమని చెప్పండి. దాని మీద ఇంకో గంట కబుర్లు నడుస్తాయి. కారం ఎంత అని అడిగితే వాళ్ళ తరఫున మీరే తక్కువ చెప్పండి.

పిలిచినవాళ్ళు కోర్సుల వారీగా వడ్డించే పెద్ద విందు పెడితే అది అన్నిటికంటే కష్టం. ఏం వస్తుందో ముందే ఫిక్స్ అయిపోయి ఉంటుంది, వదిలేస్తే అందరికీ కనిపిస్తుంది. ముందురోజు పెట్టిన ఆ నాలుగు ముక్కల మెసేజ్ అసలు పనికొచ్చేది ఇక్కడే.

సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలి

చికెన్ పచ్చడి, గోంగూర మటన్ వద్దు. జపాన్, కొరియా, తైవాన్, యూరప్ ఏవీ ప్రయాణికుల దగ్గర మాంసం పదార్థాలను ఊరికే రానివ్వవు. తైవాన్‌లో జరిమానాలు లక్షల్లో ఉంటాయి. యూరప్‌కు పాల పదార్థాలు కూడా కుదరవు. కందిపొడి, వేరుశనగ పొడి, చింతపండు పులిహోర గుజ్జు, మామిడి ఊరగాయ సరిపోతాయి. నూనె కారకుండా రెండు కవర్లలో కట్టించండి, లేకపోతే ఆఫీసుకు వేసుకెళ్ళే చొక్కాలన్నీ ఆవకాయ రంగుకు మారతాయి.

మన కరెంట్ కుక్కర్ 230 వోల్టులది. సింగపూర్, కొరియా, జర్మనీలో ప్లగ్గు మారిస్తే నడుస్తుంది. జపాన్‌లో 100 వోల్టులు, తైవాన్‌లో 110, అక్కడ బియ్యం నాని కూర్చుంటాయి తప్ప ఉడకవు. జపాన్ కన్వీనియెన్స్ స్టోర్లలో ఉడికిన అన్నం డబ్బాలు దొరుకుతాయి, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు చాలు. చక్కెర లేని పెరుగు కూడా అక్కడే ఉంటుంది. రూములో తాలింపు జోలికి పోకండి, స్మోక్ అలారం మోగితే ఫ్లోరంతా కారిడార్‌లోకి వస్తుంది.

ట్రిప్ పెరటాశి నెలలో పడితే, అంటే సెప్టెంబరు సగం నుంచి అక్టోబరు సగం దాకా, మా వైపు చాలా ఇళ్ళలో నెలంతా నీచు ముట్టరు. అప్పుడు చికెన్ తినే అన్న కూడా శాకాహారి లెక్కలోకి వచ్చేస్తాడు, ఇజకాయా మీద నేను వేసిన ఓటు చెల్లదు. తైవాన్ అయితే చింత లేదు. థాయ్‌లాండ్‌లో కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే శాకాహార పండుగ వస్తుంది, అది తొమ్మిది రోజులు, పసుపు జెండాలు వీధి వీధికీ కడతారు. జపాన్, కొరియా అయితే ట్రైనింగ్ తేదీలు ఖరారు కాకముందే హెచ్ఆర్‌ను అడిగి చూడండి, నవంబరుకు జరపగలిగితే జరుపుతారు. కుదరకపోతే నెల పొడుగునా రోజూ తినకుండా కూర్చోవడం కంటే, అక్కడి టీమ్‌కు ముందే ఒక మెయిల్ పెట్టి, ఆ నెల్లాళ్ళూ డిన్నర్ల బదులు మధ్యాహ్నం భోజనాలకు, సాయంత్రం కాఫీలకు కలుద్దామని చెప్పడం నయం.